ఎవరూ అడగని పరీక్ష

సాయికిరణ్ కీబోర్డు మీద తల వాల్చి పడి ఉన్నాడు.

శనివారం. ఉదయం పదిన్నర దాటింది. అమీర్‌పేటలో మూడో అంతస్తులో ఉన్న ఆ సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లో పెద్ద బ్యాచ్‌కి క్లాసు మొదలు కావాల్సిన వేళ. పిలవడానికి వెళ్ళిన ఇద్దరు స్టూడెంట్లు, సార్ క్యాబిన్‌లో నిద్రపోతున్నాడంటూ నవ్వుకుంటూ వెనక్కి వచ్చారు.

సుష్మిత నవ్వలేదు. ఆ సెంటర్లో కొత్తవాళ్ళకు పాఠాలు చెప్పే ట్రైనర్ ఆమె. రెండేళ్ళుగా సాయికిరణ్‌ని చూస్తోంది. క్లాసుకి ముందు కళ్ళు మూసే మనిషి కాదు.

క్యాబిన్ తలుపు తోసింది. ఏసీ చలిగా కొడుతోంది. అయినా అతని చొక్కా నీళ్ళలో ముంచి తీసినట్టు తడిసి ఉంది. పక్కన స్టీలు గ్లాసు. అడుగున కాస్త మజ్జిగ.

"సాయి సార్! సార్!"

అతను మూలిగాడు. ఆమె చేతిని విదిలించాడు. కళ్ళు సగం తెరిచాడు గానీ ఎవరినీ చూడటం లేదు.

ఆ చెమట ఆమెకు తెలుసు. ఆ చూపు తెలుసు. బయటి నుంచి కాదు, లోపలి నుంచి తెలుసు.

ఆమె బ్యాగ్‌లో అరచేతిలో ఇమిడే గ్లూకోమీటర్ ఉంది. పదకొండేళ్ళ వయసు నుంచి అది లేకుండా గడప దాటింది లేదు. ఈ ఆఫీసులో దాన్ని ఎవరి ముందూ తీసిందీ లేదు. ఇప్పుడు తీస్తే డెబ్బై మంది చూస్తారు.

తటపటాయించింది ఒక్క క్షణమే. అతని వేలు గుచ్చింది. రక్తపు చుక్కను స్ట్రిప్‌కి తాకించింది.

ఇరవై ఎనిమిది.

"అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి! షుగర్ ఇరవై ఎనిమిదికి పడిపోయింది!"

స్పృహ సరిగా లేని మనిషికి నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందుకని తన దగ్గరున్న గ్లూకోజ్ పొడిని తడి వేలితో అద్దుకుని అతని దవడ లోపల రుద్దింది. మళ్ళీ రుద్దింది. అంబులెన్స్ వాళ్ళు వచ్చేదాకా రుద్దుతూనే ఉంది.

సెంటర్ యజమాని హనుమత్ప్రసాద్ గుమ్మంలో నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. నుదుట కుంకుమబొట్టు.

"ఏమైందండీ మా సాయికి? దేవుడా, ఏమైంది?"

స్ట్రెచర్ వెంట అందరూ కిందికి పరుగెత్తారు.

* * *

పంజాగుట్టలో ఒక ప్రైవేటు ఆస్పత్రి. ఐసీయూ బయట సాయికిరణ్ భార్య రాగసుధ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

డాక్టర్ బయటికి వచ్చి చెప్పాడు. సాయికిరణ్‌కి ముప్పై ఏళ్ళు. షుగర్ వ్యాధి లేదు. ఎప్పుడూ లేదు. అయినా రక్తంలో షుగర్ అంతగా పడిపోయింది. ఇన్సులిన్ మాత్రం ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉంది.

"ఇది మెడికో-లీగల్ కేసు. పోలీసులకు చెప్పాం."

మధ్యాహ్నం ఒంటిగంటకు ఎస్ఐ అభిలాష్ కోచింగ్ సెంటర్‌కి వచ్చాడు. అప్పటికి సుష్మిత ఆస్పత్రి నుంచి తిరిగి వచ్చింది. అతని మొదటి ప్రశ్న ఆమెకే.

"షుగర్ అని నీకెట్ల తెలిసింది?"

"చెమటలు చూసి సార్."

"చెమట పడితే అందరం ఎండ దెబ్బ అనుకుంటం. గుండెపోటు అనుకుంటం. నువ్వు షుగర్ అన్నవ్. మిషన్ సుత బ్యాగుల పెట్టుకుని రెడీగ ఉన్నవ్."

"నాకు షుగర్ ఉంది సార్. టైప్ వన్. ఇన్సులిన్ తీసుకుంట."

రిసెప్షన్ దగ్గర నిలబడ్డ స్టూడెంట్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అభిలాష్ యజమాని వైపు తిరిగాడు. "మీకు తెలుసా?"

"ఈ అమ్మాయికి షుగరా?" హనుమత్ప్రసాద్ చేతులు బార్లా చాపాడు. "నాకిప్పుడే తెలుస్తోందండీ. ఎవరికీ చెప్పలేదు."

సుష్మిత అతని ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది.

చెప్పింది. ఉద్యోగంలో చేరిన రోజు ఆ గదిలోనే, ఆ కుర్చీలోనే కూర్చుని అతనొక్కడికే చెప్పింది. ఇన్సులిన్ పొడుచుకునే పెన్ను పెట్టుకోవడానికి ఫ్రిజ్‌లో కాస్త చోటు కావాలని అడిగింది. "నాకూ షుగరేనమ్మా, పదేళ్ళుగా బిళ్ళలు మింగుతున్నా. నువ్వు మా ఇంటి మనిషివి" అన్నాడు. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాడు. ఆ మాటకి సాక్షి లేదు.

"సార్, మీకు చెప్పిన గదా..."

"నాకా? ఎప్పుడమ్మా?"

అభిలాష్ సాయికిరణ్ క్యాబిన్ చూశాడు. టేబుల్ మీద గుండ్రటి తడి మరక తప్ప ఏమీ లేదు. తర్వాత కారిడార్లో హనుమత్ప్రసాద్‌తో పక్కకు వెళ్ళి రెండు మాటలు మాట్లాడాడు. తిన్నగా ప్యాంట్రీలోకి పోయి, ఫ్రిజ్‌లోంచి నీలం మూత ఉన్న కారప్పొడి డబ్బా పట్టుకుని వచ్చాడు. మూత తీశాడు. లోపల ఇన్సులిన్ పెన్ను. ఎవరి కంటా పడొద్దని సుష్మిత అందులో పెట్టుకున్నది.

"కారప్పొడిల ఇన్సులిన్. బాగ దాచినవ్."

పెన్నుని ప్లాస్టిక్ కవర్లో వేసి సీలు చేశాడు.

హనుమత్ప్రసాద్ నిట్టూర్చాడు. "సాయి రేపు రోడ్డవతల కొత్త సెంటర్లో డెమో క్లాసు పెట్టుకున్నాడండీ. ఈ అమ్మాయిని కూడా తీసుకెళ్తానన్నాడు. మొన్న కాదన్నాడట. ఇద్దరూ గొడవ పడ్డారు. అంతకు మించి నాకేం తెలీదు."

గొడవ నిజమే. బ్యాచ్ టైమింగుల గురించి. కానీ ఇప్పుడు ఆ మాట చెబితే ఎవరు నమ్ముతారు?

* * *

స్టేషన్లో ఆమెను బల్ల మీద కూర్చోబెట్టారు. ఎదురుగా టేబుల్. టేబుల్ మీద సీలు వేసిన కవరు. కవర్లో ఆమె పెన్ను.

ఆఫీసులో తిన్న టిఫిన్ తర్వాత ఇన్సులిన్ తీసుకోలేదు. తీసుకునేలోపే సాయికిరణ్ పడిపోయాడు. ఇప్పుడు నాలుక పిడచకట్టుకుపోతోంది. సీసాడు నీళ్ళు తాగింది. మళ్ళీ అడిగింది. బాత్రూమ్‌కి వెళ్ళింది. మళ్ళీ వెళ్ళింది. ప్రతిసారీ లేడీ కానిస్టేబుల్ యశస్విని తలుపు బయట నిలబడింది.

"సార్, ఆ పెన్ను జర ఇయ్యండి. నేను ఇన్సులిన్ తీస్కోవాలె."

"అది ఎవిడెన్స్."

"నా ప్రాణం సార్ అది."

"స్టేషన్ల ఏమన్న చేస్కుంటవా? మా నౌకరీలు పోవాల్నా?"

"హాస్టల్ ఫ్రిజ్‌ల ఇంకోటి ఉంది. అదన్న తెప్పియ్యండి."

అభిలాష్ సొరుగు తెరిచాడు. ఇంకో సీలు కవరు బయటపెట్టాడు. మధురానగర్ హాస్టల్లో ఆమె గది అప్పటికే వెతికారు.

చేతికి అందేంత దూరంలో రెండు పెన్నులు. తాకడానికి లేదు. కిటికీ బయట మెట్రో రైలు వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది. లేచి నడిచి వెళ్ళిపోతే మెట్లు ఎక్కి ఆ రైలెక్కొచ్చు. కానీ లేవలేదు. లేస్తే పారిపోయినట్టు. కూర్చుంటే తప్పు ఒప్పుకున్నట్టు.

ఇన్‌స్పెక్టర్ వనిత వచ్చేసరికి నాలుగైంది. ఖైరతాబాద్‌లో బందోబస్తు డ్యూటీ ముగించుకుని నేరుగా వచ్చింది. నలభై ఐదేళ్ళుంటాయి. గొంతు పెంచి మాట్లాడే అలవాటు లేదు. ఆస్పత్రి రిపోర్టు చదివింది. మళ్ళీ చదివింది. కుర్చీ లాక్కుని సుష్మిత ఎదురుగా కూర్చుంది.

"నాకు సైన్స్ రాదమ్మా. నువ్వు పాఠాలు చెప్పేదానివట. నాకు చెప్పు. హైపో అంటే ఏంది?"

"హైపోగ్లైసీమియా మేడమ్. షుగర్ డెబ్బై కంటే కిందికి పోవుడు. చెమటలు పడతయ్. వణుకు వస్తది. మాట తడబడతది. ఇంకా పడితే ఫిట్స్, స్పృహ పోతది."

"హైపర్?"

"దానికి ఉల్టా. షుగర్ పెరుగుడు. దాహం, మాటిమాటికి బాత్రూమ్."

"ఈ హెచ్‌బీఏ1సీ ఏంది? సాయికిరణ్‌ది ఐదు పాయింట్ రెండు అని ఉంది."

"గడిచిన మూడు నెలల సగటు మేడమ్. ఇయ్యాల ఏం తిన్నమన్నదాంతో పని లేదు. ఐదు పాయింట్ ఏడు లోపల ఉంటే షుగర్ వ్యాధి లేనట్టే."

"అంటే ఆయన తనంతల తాను షుగర్ మందు వేస్కునే మనిషి గాదు."

"కాదు మేడమ్."

"ఎవరో ఇచ్చిన్రు."

"...అవును మేడమ్."

నిజమే చెబుతోంది. కానీ చెప్పిన ప్రతి నిజం ఒక తాడు ముడిలా ఆమె మెడకే బిగుస్తోంది.

"మజ్జిగల ఇన్సులిన్ కలిపి తాగిస్తే?"

"పని చెయ్యదు మేడమ్. అది ప్రోటీన్. కడుపుల జీర్ణమైపోతది. నోటితోని పనైతే నేను రోజుకు నాలుగుసార్లు ఎందుకు పొడుచుకుంట?"

అనేశాక తెలిసింది, ఏమన్నదో. వెనక నిలబడ్డ అభిలాష్ నవ్వాడు.

"అంటే పొడిచే ఇయ్యాలె. ఆయన తల వాల్చి పడుకున్నప్పుడు క్యాబిన్‌కి పోయింది ఈమెనే మేడమ్. ఆయన చేతుల మీద సూది గుర్తులు సుత ఉన్నయ్."

"అంబులెన్సోళ్ళు పొడిచినయ్ ఎన్ని, ఆస్పత్రోళ్ళు పొడిచినయ్ ఎన్ని?" అంది వనిత తల తిప్పకుండా.

తర్వాత సుష్మితను పరీక్షగా చూసింది.

"నీ పెదాలు ఎండిపోయినయ్. నీకిప్పుడు ఏదున్నది? హైపోనా, హైపరా?"

"హైపర్ మేడమ్. పొద్దున ఇన్సులిన్ పడలే. నా ఒంట్ల ఇన్సులిన్ తయారు కాదు. బయటికెళ్ళి రాకపోతే ఒళ్ళు కొవ్వుని కరిగించుకుంటది. రక్తంల కీటోన్లు చేరతయ్. వాంతులు, ఆయాసం. డయాబెటిక్ కీటోఅసిడోసిస్ అంటరు. ఇట్లనే ఇంకొక దినం ఉంటే నేను సుత ఐసీయూలనే ఉంట."

వనిత రెండు కవర్ల వైపు చూసింది.

"అవి ఎవిడెన్స్. ముట్టద్దు. యశస్వినీ, ఈమె ఫోన్ల డాక్టర్ చీటీ ఉంటది. మెడికల్ షాపు నుంచి కొత్తయి రెండూ తీస్కరా."

"మేడమ్, ఏమన్న ఎక్కువ పొడుచుకుంటే..." అభిలాష్ నసిగాడు.

"ఇయ్యకుంటే ఏమయితదో చెప్పింది గదా. విన్నవా?"

కొత్త పెన్ను వచ్చింది. సుష్మిత తన షుగర్ చూసుకుంది. మూడు వందల నలభై. ముగ్గురు పోలీసుల ముందు కుర్తా అంచు కొంచెం ఎత్తి పొట్ట మీద సూది గుచ్చుకుంది. బయటివాళ్ళ ముందు పొడుచుకోవడం పదిహేనేళ్ళలో ఇదే మొదటిసారి.

అప్పుడే వనిత ఫోన్ మోగింది. ఆస్పత్రి నుంచి. విని, పెట్టేసింది.

"సాయికిరణ్ షుగర్ మళ్ళ పడిపోయిందట. గ్లూకోజ్ ఎక్కుతనే ఉంది, అయినా పడిపోయింది." సుష్మిత వైపు చూసింది. "నీ ఇన్సులిన్ ఎంతసేపు పని చేస్తది?"

"ఆఫీసులది తిన్నప్పుడల్ల తీసుకునేది. నాలుగైదు గంటలే. పొద్దున పొడిచి ఉంటే ఈపాటికి దాని పని అయిపోయేది మేడమ్!"

ఆశగా అన్నది. అభిలాష్ రెండో కవరు చూపించాడు.

"మరి హాస్టల్ల దొరికింది?"

ఆశ చచ్చిపోయింది. "అది... రాత్రి తీసుకునేది. ఒక దినమంత పని చేస్తది."

ప్రతి తలుపూ ఆమె చేతులతోనే మూసుకుంటోంది.

ఎటూ దిక్కు తోచక కళ్ళు మూసుకుంది. చిన్నప్పటి ఆస్పత్రి వాసన ముక్కుకు తగిలినట్టయింది. పదకొండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు డాక్టర్ అమ్మానాన్నలకు చెప్పిన మాట. ఇది మామూలు షుగర్ కాదు, ఆ పరీక్షలో దాదాపు సున్నా వచ్చింది.

కళ్ళు తెరిచింది.

"మేడమ్, సి-పెప్టైడ్ చేసిన్రా?"

"అదేంది?"

"మా నాయిన సనత్‌నగర్‌ల లేత్ మిషన్ మీద పని చేస్తడు. రాడ్ కోస్తే పక్కన ఒక ముక్క రాలుతది. మన క్లోమం సుత అంతే. ముందు పొడుగు గొలుసు లెక్క తయారు చేస్తది. దాన్ని కోస్తది. ఇన్సులిన్ ఒకటి, పక్కన రాలే ముక్క ఒకటి. ఆ ముక్కనే సి-పెప్టైడ్. రెండూ కలిసే రక్తంలకి వస్తయ్. కంపెనీల తయారైన ఇన్సులిన్‌ల ఆ ముక్క ఉండదు."

వనిత ముందుకు వంగింది. "పొడిచిందైతే?"

"ఇన్సులిన్ ఎక్కువ ఉంటది, సి-పెప్టైడ్ తక్కువ ఉంటది."

"ఒంట్లదే అయితే?"

"రెండూ ఎక్కువ ఉంటయ్."

వనిత అక్కడే ఆస్పత్రికి ఫోన్ చేసింది. ఇన్సులిన్ ఎంతుందో చూశాం, చెప్పాం అన్నారు అవతల. సి-పెప్టైడ్ ఎవరూ అడగలేదు. పొద్దున గ్లూకోజ్ ఎక్కించకముందు తీసిన రక్తం ల్యాబ్ ఫ్రిజ్‌లో ఇంకా ఉంది. రేపటికి చెప్తామన్నారు.

ఫోన్ పెట్టేసి అడిగింది. "నువ్వు పోయినప్పుడు ఆయన టేబుల్ మీద ఏమేమున్నయ్?"

"కీబోర్డు, మౌసు. ఒక స్టీలు గిలాస. అడుగున మజ్జిగ."

వనిత అభిలాష్‌ని చూసింది. అభిలాష్ తల అడ్డంగా ఊపాడు. అతను వెళ్ళేసరికి గ్లాసు లేదు.

* * *

చీకటి పడకముందే ఆమెను హాస్టల్‌కి పంపారు. గది దాటొద్దన్నారు. యశస్విని గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుంది.

రూమ్మేట్ తన పక్క చుట్టుకుని ఇంకో గదిలోకి వెళ్ళిపోయింది. కింద హాల్లో టీవీ మోగుతోంది. అందులో తన పేరు వినిపించింది. తర్వాత తన జబ్బు పేరు.

అమ్మ రుద్రమ్మ ఫోన్ చేసింది. ఏడుపులో మాట సరిగ్గా రావడం లేదు.

"ఎవలకు చెప్పకు అన్నం గద బిడ్డా. సురేందరోళ్ళు సుత చూసుంటరు. వచ్చే నెల నీ లగ్గం ముహూర్తం పెట్టుకుంటిమి."

"చెప్పకుంటే సాయి సార్ సచ్చిపోతుండె అమ్మా."

అమ్మ ఫోన్ పెట్టేసింది.

లైటు ఆర్పి పడుకుంది. నిద్ర రాలేదు. తాను పొడవలేదని తనకు తెలుసు. కానీ ఇంకెవరైనా తన పెన్నుతోనే పొడిచి ఉంటే? అప్పుడు సి-పెప్టైడ్ తక్కువే వస్తుంది. తాను అడిగి చేయించిన పరీక్షే తనను జైల్లో పెడుతుంది.

* * *

ఆదివారం పది గంటలకు అందరినీ కోచింగ్ సెంటర్‌కి పిలిపించింది వనిత. క్లాసు రూమ్ ఖాళీగా ఉంది. ముందు బెంచీలో రాగసుధ. పక్క బెంచీలో హనుమత్ప్రసాద్. గోడ దగ్గర ఆఫీసు ఊడ్చి, గిన్నెలు కడిగే మంగవ్వ. వెనక అభిలాష్, ఇద్దరు కానిస్టేబుళ్ళు. తలుపు దగ్గర యశస్వినితో సుష్మిత.

రాగసుధ ఆమెను చూడగానే లేచింది. "దీన్ని నా ముందుకి ఎందుకు తెచ్చారండీ?"

"కూర్చోండి. మీ ఆయన పొద్దున కళ్ళు తెరిచిండు. షుగర్ నిలబడింది." వనిత బోర్డుకు ఆనుకుని నిలబడింది. "డాక్టర్ ఫోన్ చేసిండు. నిన్నటి రక్తంల ఇన్సులిన్ ఎక్కువ. సి-పెప్టైడ్ సుత ఎక్కువ."

సుష్మిత తలుపు పట్టుకుంది.

"అంటే ఏంటండీ?" అన్నాడు హనుమత్ప్రసాద్.

"అంటే ఎవరూ సూది పొడవలే. ఆ ఇన్సులిన్ అంతా సాయికిరణ్ ఒంట్లదే. క్లోమం వెంటబడి దాంతో పని చేయించింది ఏదో మందు. క్లోమంల గడ్డ ఉన్నా అట్ల అయితదట. స్కాన్ తీసిన్రు, గడ్డ లేదు. మిగిలింది షుగర్ బిళ్ళ. గ్లిమెపిరైడ్ అని ఉంటది. ఒక దినమంత వదలదు. అందుకే సాయంత్రం షుగర్ మళ్ళ పడింది."

"ఊళ్ళో సగం మంది మింగుతారండీ ఆ బిళ్ళలు."

"మీరు?"

"నేనూ మింగుతా. అయితే?"

"ఆ బిళ్ళకు సూది అక్కర లేదు. మజ్జిగల కలిపితే చాలు." రాగసుధ వైపు తిరిగింది. "శనివారం మీ ఆయన ఏం తింటడు?"

"ఏమీ తినరు. సాయంత్రం వరకు ఉపవాసం. మజ్జిగ మాత్రం..." రాగసుధ ఆగిపోయింది. నెమ్మదిగా పక్క బెంచీ వైపు తల తిప్పింది. "ప్రసాద్ గారే ఇంటి నుంచి ఫ్లాస్కులో తెస్తారు. ప్రతి శనివారం. ఎంత మంచివారో అనుకునేవాళ్ళం."

"మంగవ్వా, నిన్న ఆ గిలాస ఎవరు కడిగిన్రు?"

మంగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను కింద అంబులెన్స్ కాడ ఉన్న మేడమ్. పైకొచ్చేసరికి సారు సింకు కాడ నిలవడి గిలాస తోముతుండు. నేను కడుగుత సారూ అంటే పో అన్నడు."

"ఎంగిలి గ్లాసు అక్కడెందుకని..." హనుమత్ప్రసాద్ గొంతు సవరించుకున్నాడు.

"సాయికిరణ్‌ని స్ట్రెచర్ మీద తీస్కపోతున్నరు. అందరూ వెంట ఉరికిన్రు. మీకు ఎంగిలి గిలాస యాదికొచ్చింది."

అతను బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాడు.

"సుష్మితకు షుగర్ అని మీకు ఎప్పుడు తెలిసింది?"

"నిన్ననే. ఎస్ఐ గారి ముందే."

"అభిలాష్, నీలం మూత డబ్బా నీకెట్ల దొరికింది?"

అభిలాష్ ముఖం కందిపోయింది.

"సారే చెప్పిండు మేడమ్. ఫ్రిజ్‌ల రెండో అరల నీలం మూత కారప్పొడి డబ్బా చూడమన్నడు."

"నిన్ననే తెలిసిన మనిషికి ఆ డబ్బా సంగతి ఎట్ల తెలుసు?" అంది వనిత. హనుమత్ప్రసాద్ చెంప మీదుగా చెమట జారింది. తుడుచుకోలేదు.

"మీ ఇంటి నుంచి ఫ్లాస్కు తెప్పించిన. మంచిగ కడిగిన్రు. కానీ మూత లోపల రబ్బరు వాషర్ ఉంటది. దాన్ని ఎవరూ విప్పి కడగరు. ల్యాబ్‌కి పోతున్నది. సాయికిరణ్ రక్తం సుత పోతున్నది. బిళ్ళ పేరు అదే చెప్తది. ఈలోపల మీరు ఏమన్న చెప్తరా?"

హనుమత్ప్రసాద్ ముందు బెంచీ వైపు చూసి తల దించుకున్నాడు.

"రోజూ నేను మింగే బిళ్ళే కదండీ." గొంతు కీచుగా వచ్చింది. "పదేళ్ళుగా మింగుతున్నా, నాకేం కాలేదే! నాలుగు వేశానంతే. తల తిరుగుతుంది, ఇవాళ రోడ్డవతల డెమో చెప్పలేడు అనుకున్నా. వాడు డెమో చెప్తే ఈ గదిలో ఒక్క పిల్లాడు మిగలడు. పదిహేడేళ్ళు నిలబెట్టుకున్న సెంటరండీ ఇది. చంపాలని కాదు. ఆ బిళ్ళకి మనిషి పోతాడని ఎవరికి తెలుసు?"

"మీకు షుగర్ ఉంది. ఆయనకు లేదు. మీకు దించాల్సినంత షుగర్ ఉంటది. ఖాళీ కడుపుతోని ఉన్న మనిషికి దించనీకి ఏముంటది?"

రాగసుధ అతని వైపు వెళ్ళబోయింది. యశస్విని అడ్డుపడి భుజాలు పట్టుకుంది.

సుష్మిత తలుపు వదిలి ముందుకు వచ్చింది.

"నేను లోపలికి పోతుంటే చూస్తూ ఊరుకుందురా సార్?"

హనుమత్ప్రసాద్ ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. "ఇన్సులిన్ అన్నది వాళ్ళేనమ్మా. నేనేం అనలేదు."

"అవును సార్. మీరేం అనలేదు."

కానిస్టేబుళ్ళు అతన్ని లేపారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. పొద్దున్నుంచి ఏమీ తినలేదనీ, బిళ్ళ వేసుకునే వేళ దాటిపోయిందనీ గొణిగాడు. జేబులోంచి స్ట్రిప్ తీయబోయాడు. అభిలాష్ ఆ చెయ్యి పట్టుకుని ఆపి, ఏం చేయాలన్నట్టు సుష్మితను చూశాడు. ఇన్‌స్పెక్టర్‌ని కాదు, సుష్మితనే.

"ముందు తిననియ్యండి సార్. తిన్నంకనే బిళ్ళ. డాక్టర్‌కి చూపించి ఇయ్యండి" అంది.

రాగసుధ ఆమె దగ్గరికి వచ్చింది. సుష్మిత చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని నుదుటికి ఆనించుకుంది. అలాగే కాసేపు నిలబడింది.

* * *

మెట్లు దిగి రోడ్డు మీదకి వచ్చేసరికి నాన్న కనకయ్య నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి నిలబడ్డాడో. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి పెట్టుకున్నాడు.

"అయిపోయిందా బిడ్డా?"

"అయిపోయింది నాయినా."

అతను ముఖం పక్కకు తిప్పి కళ్ళు తుడుచుకున్నాడు. ఆటో కోసం చెయ్యి ఎత్తాడు.

ఆమె ఫోన్ మోగింది. సురేందర్.

కనకయ్య ఎత్తిన చెయ్యి దించేశాడు. "నువ్వు మాట్లాడకు. నాకియ్యి. టీవీవోళ్ళు తప్పు చెప్పిన్రు అంట. ఏదో ఒకటి చెప్త."

సుష్మిత ఫోన్ ఎత్తింది.

"టీవీల చూసిన" అన్నాడు సురేందర్. గొంతులో కోపం లేదు, ప్రేమా లేదు. జాగ్రత్త ఉంది. "ఆ షుగర్ సంగతి... నిజమేనా?"

"నిజమే. పదకొండేండ్లప్పటి నుంచి ఉన్నది. టైప్ వన్. ఇన్సులిన్ లేకుంటే బతకను. ఇన్సులిన్ ఉంటే అందరి లెక్కనే బతుకుత. ముందుగాల నీకు చెప్పకపోవుడు తప్పే. నీకేం అడగాలనిపిస్తే అది అడుగు."

రోడ్డు మీద హారన్లు. కనకయ్య కూతురి ముఖంలోకి చూస్తూ కదలకుండా నిలబడ్డాడు.

"టైప్ వన్ అంటే ఏంది?" అన్నాడు సురేందర్ చివరికి.

ఆమె బిల్డింగ్ మెట్టు మీద కూర్చుంది.

"జర సేపు పడతది. టైముందా నీకు?"

"ఉంది. చెప్పు."

మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.